తూకంరాయి ఎవరి చేతిలో వుంది?

రెండేళ్ళ క్రితం ఒక జిల్లా కేంద్రంలో గృహహింస చట్టం మీద మూడు రోజుల శిక్షణా శిబిరం పెట్టుకున్నాం. ఇరవై ఆరు మందిమి. మొదటి రోజు మధ్యాహ్నం భోజనాలకి లేచేసరికి చేతిసంచుల్లోంచి ఒక్కొక్కటిగా మాత్రల డబ్బీలు బయటికొచ్చాయి. షుగరుకొకటి, బీపీకొకటి, థైరాయిడ్‌కొకటి, మోకాళ్ళ నొప్పులకొకటి. సరదాకి లెక్కపెట్టుకుంటే పద్నాలుగు మందిమి తేలాం. అందరం నవ్వుకున్నాం. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. అంతకు నాలుగు నెలల ముందే మాతో పాతికేళ్ళు పనిచేసిన ఒకావిడ షుగరు వల్ల మూత్రపిండాలు పాడై, వారానికి మూడుసార్లు డయాలిసిస్ చేయించుకుంటూ పోయింది. యాభై మూడేళ్ళు. ఊరూరా తిరిగి ఆడవాళ్ళ ఆరోగ్యం గురించి మాట్లాడిన మనిషి తన రక్తపరీక్ష ఎనిమిదేళ్ళపాటు వాయిదా వేసుకుంది.

ఆ శిబిరంలోనే నేను పొద్దున్నే లేచి నడకకి బయల్దేరుతుంటే, అన్నం గరిటెతో కొలిచి పెట్టుకుంటుంటే, కొత్తగా చేరిన ఒక అమ్మాయి అడిగింది: "అక్కా, మీరు కూడా సన్నబడే పిచ్చిలో పడ్డారా? ఆడదాని వొళ్ళు ఇట్లా వుండాలని చెప్పేవాళ్ళ మీదే కదా మనం ఇన్నాళ్ళూ కొట్లాడింది?"

ఆ ప్రశ్న నన్ను గుచ్చుకుంది. ఎందుకంటే పాతికేళ్ళ వయసులో ఆ మాట నేనే ఎవరినో అని వుంటాను. జవాబు అప్పటికప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు ఆ అమ్మాయి అడిగినదాంట్లో వున్న న్యాయం ఒప్పుకోవాలి. ఆడపిల్ల వొంటిని తూచి, కొలిచి, వెలకట్టే పద్ధతి మన పెళ్ళిచూపుల్లో వుంది, సినిమాల్లో వుంది, మార్కెట్లో వుంది. 1996లో బెంగుళూరులో ప్రపంచ సుందరి పోటీలు జరిగినప్పుడు దేశమంతటి నుంచీ స్త్రీలు నిరసన తెలిపారు. దాదాపు ముప్ఫై ఏళ్ళ తరవాత, 2025 మే నెలలో అవే పోటీలు హైదరాబాదుకి వచ్చాయి. మళ్ళీ నిరసన చెప్పవలసే వచ్చింది. మన సినిమాల్లో లావుపాటి ఆడమనిషి కనిపిస్తే హాస్యం కోసమే. డ్రమ్ము, పీపా, ఏనుగు అనే పిలుపులు బడిలో మొదలై అత్తగారింటిదాకా వెంటవస్తాయి. 2015 జూన్‌లో తెలుగు సినిమా నటి ఆర్తీ అగర్వాల్ ముప్ఫై ఒక్క ఏళ్ళకే అమెరికాలో చనిపోయింది. దానికి కొన్ని వారాల ముందే ఆమె కొవ్వు తీయించుకునే ఆపరేషను చేయించుకుందని పత్రికలు రాశాయి. చావుకి కారణం అదేనని తీర్పు చెప్పడానికి మనమెవరం? కానీ ఒకప్పుడు తనని నెత్తిన పెట్టుకున్న ప్రేక్షకులు తన వొంటి గురించి ఏమేం అన్నారో ఆమె వినే వుంటుంది కదా. అదే సంవత్సరం నవంబరులో 'సైజ్ జీరో' అనే సినిమా వచ్చింది. త్వరగా సన్నబరుస్తామనే కేంద్రాల మోసం దాని కథ. కథ సంగతెలా వున్నా, ఆ పాత్ర కోసం అనుష్క వొళ్ళు చేసిందన్న విషయమే ఎక్కువ వార్తయింది.

ఇదంతా చూసినవాళ్ళం కాబట్టే "బరువు" అన్న మాట వినగానే మనకి వొళ్ళు మండుతుంది. స్త్రీవాదులు ఈ విషయం మాట్లాడకపోలేదు. 1978లోనే సూసీ ఆర్బాక్ అనే ఆమె లావు అనేది స్త్రీల సమస్య, స్త్రీవాద సమస్య అని పుస్తకం రాసింది. మన దగ్గర మాత్రం ఆ మాట శత్రువు భాషలోది అనుకుని వదిలేశాం. వదిలేసిన చోటుని వ్యాపారస్తులు ఆక్రమించుకున్నారు. వైద్యుల మందలింపు ఆక్రమించుకుంది. మనకి మాత్రం మాత్రల డబ్బీలు మిగిలాయి.

ఇది బాగా తిని కూర్చునేవాళ్ళ జబ్బు అనుకుంటే పొరపాటు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో బరువు ఎక్కువగా వున్నవాళ్ళు దేశం మొత్తం మీద 24 శాతం. తెలంగాణలో 30 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం. అదే సర్వేలో, అదే వయసు స్త్రీలలో రక్తహీనత వున్నవాళ్ళు రెండు రాష్ట్రాల్లోనూ నూటికి యాభై ఏడు మందికి పైనే. ఈ రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. లావుగా వున్న ఆడమనిషికి రక్తం పుష్కలంగా వుంటుందనుకుంటాం. కానీ ఆమెకి పిండిపదార్థం దొరికింది, ఇనుము దొరకలేదు, మాంసకృత్తులు దొరకలేదు. ఒకే వొంట్లో అధిక బరువూ ఆకలీ రెండూ వున్నాయి.

ఎందుకిలా జరిగింది? సోమరితనం వల్ల అని సులువుగా అంటారు. 2019 కాల వినియోగ సర్వేలో తేలిందేమిటంటే, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు చేస్తున్నారు, మగవాళ్ళు 97 నిమిషాలు. అయిదు గంటలు ఇంటి చాకిరీ చేసే మనిషిని సోమరి అనడం ఎక్కడి న్యాయం? అయితే ఆ చాకిరీలో ఎక్కువ భాగం ఒకేచోట నిలబడీ, కూర్చునీ, వొంగీ చేసేదే. గుండెకి వ్యాయామం కాదు, నడుముకి నొప్పి. వెనక దంపుళ్ళూ విసుర్లూ నీళ్ళ మోతా వుండేవి. వాటిని పొగిడి వెనక్కి తెమ్మనే వాళ్ళతో నాకు పేచీ వుంది. మిక్సీ, మోటారు వచ్చి మనల్ని కొంత బతికించాయి. కానీ అవి మిగిల్చిన సమయం మన చేతికి రాలేదు. పిల్లల ట్యూషన్లకీ, టిఫిను డబ్బాలకీ పోయింది.

ఇక తిండి. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చాక చాలా ఇళ్ళల్లో రెండు పూటలా పొయ్యి వెలిగింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఆకలి ఎరగనివాళ్ళకి లేదు. కానీ పళ్ళెంలోకి అన్నం వచ్చినంత సులువుగా పప్పూ, గుడ్డూ, కూరగాయా రాలేదు. జొన్నరొట్టె తినే వూళ్ళల్లో కూడా తెల్లన్నం గౌరవమైపోయింది. పైగా ఇంట్లో ఆఖర్న తినేది ఆడది. రాత్రి పదింటికి, మిగిలిన కూర గిన్నెలో నాలుగు మెతుకులు కలుపుకుని, చేపముక్కలు అయిపోయాక పులుసుతో, "పారేస్తే పాపం" అని మిగిలిందంతా తిని, వెంటనే పడుకుంటుంది. దీన్ని నేను తిండియావ అనను. ఇంటి మర్యాద మన కడుపునే చెత్తబుట్ట చేసింది అంటాను.

కార్యకర్తల తిండి సంగతి మరీ అన్యాయం. పొద్దున ఏమీ తినకుండా బస్సెక్కుతాం. వెళ్ళిన ప్రతి ఇంట్లో టీ. వద్దంటే వాళ్ళు తక్కువవాళ్ళని తాగలేదనుకుంటారేమోనని తాగుతాం. మీటింగులో బిస్కెట్లు, మిర్చిబజ్జీ. స్టేషను ముందు రాత్రి తొమ్మిదిదాకా కూర్చుని, హోటల్లో దొరికింది తింటాం. దారిలో మరుగుదొడ్డి వుండదని నీళ్ళు తాగం. వొళ్ళు పట్టించుకోకపోవడమే త్యాగం అనే ఒక నమ్మకం మనలో పాతుకుపోయింది. ఇది ఎవరు నేర్పారు? తల్లి కడుపు మాడ్చుకోవడమే గొప్ప అని చెప్పినవాళ్ళే నేర్పారు. మనం దాని పేరు మార్చి ఉద్యమంలోకి తెచ్చుకున్నాం.

నా సంగతి చెప్పాలి. నా ఎత్తు 155 సెంటీమీటర్లు. నలభై ఏళ్ళు దాటాక, ఇంట్లో ఒక పెళ్ళికి ముందు, నేనూ ఒక కేంద్రానికి వెళ్ళాను. ఈ పత్రిక పాఠకులకి ఆ సంగతి చెప్పుకోవడానికి ఇన్నేళ్ళూ సిగ్గుపడ్డాను. డబ్బు ముందే కట్టించుకున్నారు. రెండు పూటలా పొడి కలిపిన నీళ్ళు, ఒక పూట ఆకులు. మూడు నెలల్లో పదకొండు కిలోలు తగ్గాను. అందరూ మెచ్చుకున్నారు. జుట్టు గుప్పెళ్ళతో వూడింది. పిత్తాశయంలో రాళ్ళు తేలాయి. బరువు మరీ వేగంగా తగ్గేవాళ్ళకి ఆ ప్రమాదం ఎక్కువని తరవాత ఆపరేషను చేసిన డాక్టరు చెబితే తెలిసింది. ఏడాదిన్నర తిరిగేసరికి పదకొండు కిలోలకి పదమూడు కిలోలు వచ్చి చేరాయి. నా మనసు గట్టిది కాదు, నాకు క్రమశిక్షణ లేదు అని నన్ను నేనే తిట్టుకున్నాను.

అది నా ఒక్కదాని బలహీనత కాదని ఇప్పుడు తెలుసు. అమెరికాలో బరువు తగ్గే పోటీ ఒకటి టీవీలో వచ్చేది. అందులో పాల్గొన్న పద్నాలుగు మందిని ఆరేళ్ళ తరవాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. చాలామందికి పోయిన బరువులో ఎక్కువ భాగం తిరిగి వచ్చింది. అంతకంటే ముఖ్యం, విశ్రాంతిగా వున్నప్పుడు వాళ్ళ శరీరం ఖర్చుపెట్టే శక్తి, ఆ బరువు మనిషికి వుండవలసిన దానికంటే రోజుకి దాదాపు 500 కాలరీలు తక్కువగానే వుండిపోయింది. శరీరం కరువు వచ్చిందనుకుని పొదుపు మొదలుపెడుతుంది, ఆకలి పెంచుతుంది. కరువులు దాటి బతికిన జాతి కదా మనది. హైదరాబాదు తార్నాకలో వున్న జాతీయ పోషకాహార సంస్థ వారానికి అరకిలో తగ్గడం క్షేమం అనీ, తిండి రోజుకి వెయ్యి కాలరీలకంటే కిందికి పోకూడదనీ చెబుతుంది. నేను డబ్బుకట్టిన చోట ఆ ముక్క ఎవరూ చెప్పలేదు.

చెప్పకపోవడమే ఇందులో హక్కుల ప్రశ్న. 1985లో హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షను ప్రయోగం కోసం పేద స్త్రీలని పోగేశారు. అది ప్రయోగమని గానీ, దాని చెడుఫలితాలు గానీ వాళ్ళకి సరిగ్గా చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు అక్కడికి వెళ్ళి అడిగారు. 1986లో ఢిల్లీలోని సహేలీ తదితర సంఘాలతో కలిసి సుప్రీం కోర్టుకి వెళ్ళారు. మన వొంట్లోకి ఏం పోతోందో, తరవాత ఏమవుతుందో తెలుసుకుని ఒప్పుకునే హక్కు మనదని ఆ పోరాటం చెప్పింది. అదే కొలత బరువు తగ్గించే వ్యాపారానికీ పెట్టాలి. 2025లో మన దేశంలోకి వారానికొకసారి తీసుకునే టిర్జెపటైడ్, సెమాగ్లూటైడ్ ఇంజక్షన్లు బరువు తగ్గడం కోసం వచ్చాయి. అవి పనిచేస్తాయి. అవసరమైనవాళ్ళకి డాక్టరు సలహాతో మేలే చేస్తాయి. వాటిని వాడేవాళ్ళని చిన్నచూపు చూడను. కానీ సెమాగ్లూటైడ్ ఆపేసినవాళ్ళని గమనించి 2022లో ప్రకటించిన అధ్యయనంలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు ఏడాదిలోగా తిరిగి వచ్చింది. ఎన్నాళ్ళు కొనాలి, ఎవరి డబ్బుతో కొనాలి, ఆపితే ఏమవుతుంది - ఈ మూడు ప్రశ్నలకీ జవాబు చెప్పకుండా సూది గుచ్చితే అది సమ్మతి అనిపించుకోదు.

ఇక రెండోసారి. యాభై దాటాక మోకాళ్ళు పట్టేశాయి. పరగడుపు షుగరు 118 వచ్చింది. అంటే షుగరు జబ్బు గడపలో నిలబడింది. బరువు 76 కిలోలు, నడుము చుట్టుకొలత 98 సెంటీమీటర్లు. మన దేశంలో ఆడవాళ్ళకి 80 దాటితే జాగ్రత్త పడాలంటారు. మొదట చూపించుకున్న డాక్టరు నా మొహం చూడకుండానే "నోరు కట్టేసుకోమ్మా, అన్నీ అవే పోతాయి" అన్నాడు. మోకాలు ముట్టుకుని కూడా చూడలేదు. ఆర్నెల్లు మళ్ళీ ఏ ఆసుపత్రికీ వెళ్ళలేదు. అవమానం మనిషిని సన్నబరచదు, ఆసుపత్రికి దూరం చేస్తుంది. ఈ సంగతి డాక్టర్లకి ఎవరు చెప్పాలి?

తరవాత ఒక లేడీ డాక్టరు కుర్చీ వేసి కూర్చోబెట్టి అడిగింది: ఎన్నింటికి తింటారు, ఎంతసేపు నిద్రపోతారు, నెలసరి ఎప్పుడాగింది, ఏ మందులు వాడుతున్నారు. థైరాయిడ్ చూసింది. గర్భసంచి ఆపరేషను అయిందా, అండాశయాలు వున్నాయా అని అడిగింది. ఆ ఆపరేషన్లు దేశంలోకెల్లా ఎక్కువగా జరిగేవి మన తెలుగు రాష్ట్రాల్లోనే కదా. "అరవై కిలోలకి రావాలని పెట్టుకోకండి. అయిదారు కిలోలు, రెండేళ్ళలో" అంది. నాకు నవ్వొచ్చింది. ఆమె లెక్క వివరించింది. అమెరికాలో మూడు వేల మందికి పైగా షుగరు గడపలో వున్నవాళ్ళతో జరిపిన అధ్యయనం 2002లో వచ్చింది. వొంటి బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం వాళ్ళ లక్ష్యం. అలా చేసినవాళ్ళలో షుగరు జబ్బు రావడం 58 శాతం తగ్గింది. పదేళ్ళ తరవాత చూస్తే పోయిన బరువు చాలావరకు తిరిగి వచ్చినా వాళ్ళలో జబ్బు తక్కువగానే వుంది. మద్రాసులో 531 మందితో జరిగిన అధ్యయనం 2006లో వచ్చింది. అందులో సగటు బరువు పెద్దగా తగ్గనే లేదు. అయినా తిండి, నడక మార్చుకున్నవాళ్ళలో జబ్బు 28 శాతం తక్కువగా వచ్చింది. అంటే తూకం కదలకపోయినా లోపల మేలు జరుగుతోంది. ఈ ఒక్క ముక్క నన్ను చాలాకాలం నిలబెట్టింది.

నేను చేసినవి ఏమంత గొప్ప పనులు కావు. ముందు టీ లెక్క వేశాను. తిరిగే రోజుల్లో ఏడు టీలు, టీకి రెండు చెంచాల పంచదార. పద్నాలుగు చెంచాలు, 70 గ్రాములు, దగ్గర దగ్గర 280 కాలరీలు. మూడు టీలకి దిగాను, అరచెంచా వేసుకున్నాను. ఎవరింటికి వెళ్ళినా "మంచినీళ్ళివ్వండి, వదినా" అని నేనే ముందు అడగడం నేర్చుకున్నాను. ఎవరూ ఏమీ అనుకోలేదు. రెండోది నూనె. నలుగురున్న ఇంట్లో నెలకి అయిదు లీటర్లు అయ్యేది. మూడు లీటర్లకి తెచ్చాం. నాకు వేరే వంట వండుకోలేదు. వేరే వంట అంటే మళ్ళీ నాకే రెండో చాకిరీ. ఇంటిల్లిపాదికీ ఒకే వంట మారింది. మూడోది పళ్ళెం. అన్నం మూడు గరిటెల నుంచి ఒకటిన్నరకి వచ్చింది, పప్పూ కూరా రెట్టింపయ్యాయి. గుడ్డు, పెసలు, శనగలు చేరాయి. పండక్కి బొబ్బట్టు మానలేదు. నాలుగోది అన్నిటికంటే కష్టమైంది: ఇంట్లో అందరితో పాటు ఏడున్నరకే కూర్చుని తినడం. "మీరు తినండి, నేను తరవాత తింటాను" అనే మాట నా నోట్లోంచి పోవడానికి ఆర్నెల్లు పట్టింది. మిగిలింది మర్నాటికి దాచాం, లేదా మగవాళ్ళు తిన్నారు.

నడక రోజుకి అరగంట. దానివల్ల కరిగేది వంద నూటయాభై కాలరీలే. ఒక జీడిపప్పు పాకంతో అది తిరిగి వచ్చేస్తుంది. అయినా నడక నిద్ర పట్టించింది, మోకాలు చుట్టూ కండ పెంచింది, రోజులో అరగంట నాది అన్న ఆలోచన ఇచ్చింది.

మొదటి నాలుగు నెలల్లో నాలుగు కిలోలు తగ్గాను. తరవాత మూడు నెలలు ముల్లు కదల్లేదు. వొళ్ళు తగ్గితే దానికి కావలసిన తిండీ తగ్గుతుంది కాబట్టి అలా ఆగడం మామూలే. ఆ తరవాత మా అత్తగారు పక్షవాతంతో మంచం పట్టారు. రెండు నెలలు నడక లేదు, వేళకి తిండి లేదు. రెండు కిలోలు వచ్చేశాయి. పాత నేనైతే "అయిపోయింది" అని వదిలేసేదాన్ని. ఈసారి ఆమెకి సేవ చేసే పని మా ఆయనా, మరిదీ, నేనూ వంతులు వేసుకున్నాం. నాకు అరగంట తిరిగి వచ్చింది. అప్పుడర్థమైంది: నాకు లేకుండా పోయింది పట్టుదల కాదు, వంతు వేసుకునే మనుషులు. మొత్తం ఇరవై ఆరు నెలల్లో పది కిలోలు తగ్గి 66 దగ్గర ఆగాను. పట్టిక ప్రకారం నేనింకా లావే. షుగరు గడప దిగి వెనక్కి వెళ్ళింది. ఆఫీసు రెండో అంతస్తుకి రెయిలింగు పట్టుకోకుండా ఎక్కుతున్నాను.

ఇన్నాళ్ళు ఎలా నిలబడ్డావని అడుగుతారు. ఉత్సాహం రోజూ వుండదు, దాని మీద ఆధారపడితే పదిహేను రోజుల్లో పని ఆగిపోతుంది. సంఘం పెట్టిన కొత్తలో వుండే హుషారు ఆరో నెలకి వుంటుందా? అయినా సంఘం నడుస్తుంది. తేదీ వుంది కాబట్టి, పుస్తకం వుంది కాబట్టి, రాకపోతే అడిగేవాళ్ళున్నారు కాబట్టి. నేను అదే పద్ధతి తెచ్చుకున్నాను. మా వీధిలో నలుగురం జట్టుకట్టాం. ఒకావిడ టైలరు, ఒకావిడ అంగన్‌వాడీ టీచరు, ఒకావిడ నాలుగిళ్ళల్లో పనిచేస్తుంది. ఒక నోటుపుస్తకం. అందులో బరువు నెలకొకసారే రాస్తాం. నడిచిన రోజులు, నిద్ర, మెట్లు, నొప్పి మాత్రం వారం వారం రాస్తాం. ఒక రోజు మానొచ్చు, వరసగా మూడు రోజులు మానితే మిగతావాళ్ళు గుమ్మంలోకి వస్తారు. తిట్టరు. ఏమైందని అడుగుతారు. అలా అడిగినప్పుడే ఒకావిడ ఇంట్లో దెబ్బలు తింటోందని తెలిసింది. నడక జట్టు ఆ రోజు వేరే పని చేసింది.

ఒక జాగ్రత్త చెప్పాలి. మా జట్టులో ఇళ్ళల్లో పనిచేసే ఆమె మొదటి వారమే అంది: "నేను రోజంతా వొంగుతూనే వున్నాను, నాకు నడక ఎందుకమ్మా, నడుం వాల్చే చోటు కావాలి గానీ." ఆమె మాట నిజం. ఆమె మాతో నడవదు. గుడి అరుగు మీద కూర్చుని మాట్లాడుతుంది, మోకాళ్ళకి కూర్చునే వ్యాయామాలు చేస్తుంది. రక్తం తక్కువగా వుంటే ఐరన్ మాత్రలు తెచ్చుకుంది. అందరికీ ఒకే మందు రాయడం మొగుడి పెత్తనంలాంటిదే. బక్కచిక్కిన వాళ్ళకి తిండి పెరగాలి. స్టెరాయిడ్లు, మానసిక జబ్బుల మందులు, ఇన్సులిన్ వాడేవాళ్ళకి బరువు పెరిగితే అది వాళ్ళ తప్పు కాదు, వాళ్ళకివాళ్ళు మందు ఆపకూడదు. తినడమంటేనే భయపడిపోయే ఆడపిల్లలకి ఈ లెక్కలేవీ చెప్పకూడదు. సంఘం మీటింగుల్లో తూకం మిషను పెట్టి అందరి ముందూ తూచడం చేయొద్దు. బరువు తగ్గాలనుకోని మనిషి మనలో తక్కువది కాదు. ఆమె వొళ్ళు, ఆమె నిర్ణయం. ఆమెకి రక్తపరీక్షా, గౌరవంగా మాట్లాడే డాక్టరూ మాత్రం ఎలాగైనా దొరకాలి.

అందుకని ఇది ఒక్కొక్కరి నిగ్రహానికి వదిలేసే పని కాదు. మనం అడగవలసినవి వున్నాయి. తెల్లవారుఝామున ఆడవాళ్ళు నడవగలిగే వీధి దీపాలు, కుక్కల భయం లేని రోడ్లు, టిక్కెట్టు లేని పార్కులు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ముప్ఫై దాటిన ప్రతి స్త్రీకీ షుగరు, బీపీ, రక్తం పరీక్షలు, వాటి కాగితం ఆమె చేతికి. రేషనులో బియ్యంతో పాటు పప్పు, జొన్నలు, రాగులు. ఇవి ప్రభుత్వాన్ని అడగవలసినవి. మనల్ని మనం అడుక్కోవలసినవి కూడా వున్నాయి. సంస్థలు ప్రాజెక్టు బడ్జెట్లలో కార్యకర్తల ఏడాది ఆరోగ్య పరీక్షకి ఒక పద్దు రాయాలి. శిక్షణల్లో బిస్కెట్ల బదులు ఉడికించిన శనగలు, వేరుశనగలు పెట్టొచ్చు, ఖర్చు ఎక్కువ కాదు. భోజనం ఒంటిగంటకంటే ఒంటిగంటకే పెట్టాలి. రాత్రి సమావేశాలు ఎనిమిదింటికి ముగియాలి. ఇంట్లో 299 నిమిషాలు తగ్గి 97 పెరగకుండా "వ్యాయామం చెయ్యి" అని ఆడదానికి చెప్పడం, చేతులు కట్టేసి ఈదమనడమే.

ఆ అమ్మాయికి నేను చెప్పవలసిన జవాబు ఇది. మన వొంటిని తూచే రాయి పెళ్ళివారి చేతిలో, సినిమావాళ్ళ చేతిలో, కేంద్రాల యజమానుల చేతిలో వున్నంతకాలం దానిమీద కొట్లాడాం, ఇకముందూ కొట్లాడతాం. కానీ రాయిని విసిరికొట్టి, అసలు తూచుకోనే తూచుకోమంటే, మన జబ్బు లెక్క మనకి తెలియకుండా పోతుంది. ఆ రాయి మన చేతిలోకి తీసుకుందాం. ఎంత తగ్గాలో, తగ్గాలో వద్దో, ఎంత నెమ్మదిగానో మనం తేల్చుకుందాం. డయాలిసిస్ మంచం మీద మా స్నేహితురాలు చివరిసారి అన్న మాట నాకు ఇంకా గుర్తుంది: "నా సంగతి తరవాత చూసుకుందాంలే అనుకున్నానే, ఆ తరవాత అనేది ఇంత దగ్గర్లో వుందనుకోలేదు."

మీ వూళ్ళో, మీ సంస్థలో ఆడవాళ్ళు తమ వొంటి సంగతి ఎలా చూసుకుంటున్నారో, ఏది కుదిరిందో, ఏది కుదరలేదో ఈ పత్రికకి రాయండి. కుదరనివి ముందు రాయండి. వాటివల్లే మనకి ఎక్కువ తెలుస్తుంది.